ఎడమ బ్రేకుకు కట్టిన ఎర్రగుడ్డ

అంకుల్ పోయారని వాళ్ళమ్మాయి రూతు మెసేజ్ పెట్టినప్పుడు నేను కెనడాలో, ఓక్‌విల్‌లో కూరగాయల కొట్టు క్యూలో ఉన్నాను. ఒక చేతిలో కొత్తిమీర కట్ట, ఇంకో చేతిలో ఫోను. ఏడుపు రాలేదు. కొత్తిమీర పక్కన పడేసి ఎడంచెయ్యి జాకెట్ జేబులోకి దోపాను. వేళ్ళు అక్కడ ఒక గుడ్డముక్క కోసం వెతికాయి. అది ఆ జాకెట్ కాదు, ఆ ఊరూ కాదు. అయినా వెతికాయి. ఆయనే అనేవారు, "చెయ్యికి తెలిసింది బుర్రకి తెలీదమ్మాయ్" అని.

ఆయన పేరు ఇక్కడ రాయను. ఆ పేరు పెట్టి నేనెప్పుడూ పిలిచింది లేదు, మాకు ఆయన అంకులే. హాలిఫాక్స్‌లో వాళ్ళింటి బేస్‌మెంట్‌లో రెండేళ్ళు అద్దెకున్నాను. మనవాళ్ళు తీర్థానికి వచ్చినట్టు కాలేజీలకి వచ్చిపడుతున్న రోజులవి. కాఫీ షాపులో మనిషి కావాలని కాగితం అంటిస్తే మధ్యాహ్నానికల్లా రెజ్యూమెలు పట్టుకుని బయట వరస కట్టేవాళ్ళం. గది దొరకడం అంతకన్నా కష్టం. అలాంటి కాలంలో నాకూ మౌనికకీ కలిపి ఆ బేస్‌మెంట్ దొరికింది. నాది కరీంనగర్, దానిది జగిత్యాల. విమానంలో పక్కసీట్లలో కూర్చుని పరిచయమయ్యాం, దిగేసరికి అక్కచెల్లెళ్ళలా పోట్లాడుకుంటున్నాం.

అంకుల్‌ది నరసాపురం వైపు. ఆస్పత్రిలో మంచాలూ వీల్‌చైర్లూ బాగుచేసే ఉద్యోగం. పొట్టి మనిషి, నడుస్తుంటే కుడిభుజం కాస్త దిగి ఉండేది. ఎవరింటికి వెళ్ళినా కుర్చీని ఊపి చూసి గానీ కూర్చునేవారు కాదు. చర్చిలోనూ అంతే. పాస్టర్ గారు ప్రార్థన మొదలుపెట్టేలోపు కదిలే బెంచీ కాలి కింద మడతపెట్టిన కాగితం దూర్చడం అయిపోయేది. దారిలో ఎవరి సైకిలు కట్టేసి ఉన్నా సంతలో వంకాయ నొక్కినట్టు బొటనవేలితో టైరు నొక్కేవారు. "గాలెక్కువ కొట్టేడు. వానొస్తే జారతాడు" అని దిగులుపడేవారు. సైకిలు ఓనరు వచ్చి దొంగలనుకుంటాడేమోనని నేను నాలుగడుగులు దూరంగా నిలబడేదాన్ని.

ఆ ఇంట్లో ముగ్గురికీ సైకిలు పిచ్చి. అంకుల్, ఆంటీ, కాలేజీలో చదివే కూతురు రూతు. గరాజ్ నిండా సైకిళ్ళే, కారు మాత్రం బయట మంచులో నానుతూ ఉండేది. ఆంటీ నర్సు. పొద్దున్నే కారు అద్దం మీద మంచు గీకుతూ గొణిగేది.

"కారుకి చలేస్తే ఏవైంది, దానికి ప్రాణవుందా?" అనేవారు అంకుల్.

"మీ సైకిలుకుందా?"

"దానికి మనం ఉన్నాం కదండీ."

ఆకులు రాలడం మొదలయ్యాక ప్రతి వారాంతం వాళ్ళకి పండగ. సైక్లోక్రాస్ అని ఒక పందెం. గడ్డి మైదానంలో టేపులు కట్టి దారి గీస్తారు. బురదలో, ఇసుకలో, డిసెంబరు వస్తే మంచులో, ఆ దారెంట చుట్లు కొట్టాలి. మధ్యమధ్య అడ్డంగా చెక్కలు పాతుతారు. అక్కడ ఎడమవైపుకి దిగి, సైకిలు భుజానికెత్తుకుని దాటి, పరుగెత్తుతూనే మళ్ళీ ఎక్కాలి. దారి పక్కన జనం ఆవు మెడగంటలు ఊపుతూ కేకలు పెడతారు. మొదటిసారి నన్నూ మౌనికనీ తీసుకెళ్ళినప్పుడు నేను నవ్వు ఆపుకోలేకపోయాను.

"సైకిల్ మనల్ని మొయ్యాలె గానీ మనం సైకిల్‌ని మోసుడేంది అంకుల్?"

"నీకు తెలీదమ్మాయ్. మా ఊళ్ళో బడికెళ్ళడవంటే ఇదే. కాలవగట్టు తెగితే సైకిలు భుజానేసుకుని బురదలో దిగడవే. అప్పుడాలస్యవైతే మేస్టారు మమ్మల్ని కొట్టేవారు, ఇప్పుడు వీళ్ళు గంటలు కొడతన్నారు. అంతే తేడా."

పందేనికి ముందు ముగ్గురూ కారు వెనకాల తలలు వంచి నిలబడేవారు. అంకుల్ ప్రార్థన ఎప్పుడూ ఒకటే. "ప్రభువా, గెలుపు మాకొద్దు. మెడలు కాపాడు. ఆమెన్." రూతు కళ్ళు తెరవకుండానే "డాడ్, కెన్ వుయ్ ప్లీజ్ ఆస్క్ ఫర్ బోత్?" అనేది. పందెం అయ్యాక ఫ్లాస్కు తీసేవారు. ఆ ఇంటి ఆనవాయితీ ఏమిటంటే, ముగ్గురిలో ఆఖర్న వచ్చినవాళ్ళకి మొదటి టీ. అది ఎప్పుడూ అంకుల్‌కే దక్కేది. "టీ కోసం కావాలనే వెనకబడతారు" అనేది ఆంటీ. ఆయన కనుబొమల దాకా బురదతో, రెండు చేతులతో కప్పు పట్టుకుని, గెలిచినవాడిలా తాగేవారు. మౌనిక ఆయన ఫోటోలు తీసి జగిత్యాలలో వాళ్ళమ్మకి పంపేది. ఆ ఫోటోలు ఇప్పటికీ నా ఫోన్లో ఉన్నాయి, చూడను.

చుట్టుపక్కల మన పిల్లలకి పాత సైకిళ్ళు వెతికి ఇవ్వడం ఆయనకి ఇంకో పని. ఎక్కడో పాతసామాన్ల అమ్మకంలో కొనేవారు, చైను మార్చేవారు, ఇచ్చేసేవారు. కానీ ఒక నియమం. బ్రేకులు తిప్పి బిగించనిదే సైకిలు గరాజ్ దాటకూడదు. ఈ దేశంలో సైకిలుకి ఎడంచేతి బ్రేకు ముందు చక్రానిది. మన దగ్గర ఎడంచేతిది వెనక చక్రానిది. స్కూటీ నడిపిన ఆడపిల్ల కంగారుపడితే ముందుగా ఎడంచెయ్యే బిగుస్తుంది. వాళ్ళ పందెం సైకిళ్ళు కూడా మన పద్ధతిలోనే బిగించి ఉండేవి. ఎడమవైపు దిగేటప్పుడు హేండిల్ మీద మిగిలేది ఎడంచెయ్యి ఒక్కటే, అది వెనక బ్రేకు మీద ఉంటేనే క్షేమమట.

"కింద పడబోయేటప్పుడు ఆలోచించేది బుర్ర కాదమ్మాయ్, చెయ్యి. చెయ్యి ఇండియాలో నేర్చుకుంది. దాన్ని మార్చలేం, తీగలు మార్చగలం" అనేవారు. "వాలులో ముందు చక్రం బిగుసుకుపోతే సైకిలు ఆగుద్ది. మనిషి ఆగడు."

కొత్తగా తెచ్చిన సైకిలుకి ఎడమ బ్రేకు మీద ఎర్రగుడ్డ కట్టేవారు. ఆంటీ పాత నైలాన్ చీర చింపిన ముక్కలవి. గుడ్డ ఉందంటే ఇంకా బ్రేకులు మార్చలేదని, ముట్టుకోవద్దని. మార్చాక గుడ్డ విప్పి తన జేబులో పెట్టుకుని, పరీక్ష పెట్టేవారు. వెనక సందులో తొక్కమనేవారు. మనం మన మానాన పోతుంటే ఉన్నట్టుండి "ఆగు!" అని గావుకేక. ఏ చెయ్యి ముందు బిగిసిందో చూసేవారు. నాకు పరీక్ష పెట్టినరోజు ఆ కేకకి పక్కింటి కుక్క కూడా ఆగిపోయింది. నా ఎడంచెయ్యి చూసి, "చూసేవా? చెప్పేనా?" అని ఆయన మురిసిపోయిన మురిపెం చెప్పలేను. అంటే, ఆ గుడ్డకి అర్థం ఆ ఇంట్లోవాళ్ళకి తెలిసినంత బాగా నాకూ తెలుసు. ఇది ముందే చెప్పేస్తున్నాను.

అక్టోబరు చివర్లో ఒక ఆదివారం. అంకుల్‌వాళ్ళు తెల్లారగానే వేరే ఊళ్ళో పందేనికి వెళ్ళారు. నాలుగు నెలలు తిరగ్గా తిరగ్గా మౌనికకి హార్బర్ దగ్గర కాఫీ షాపులో పని దొరికింది. ఆరోజే మొదటి షిఫ్టు, ఎనిమిదింటికి. మా బుర్ర ఎంత గొప్పదంటే, వారం రోజుల బస్సు టైములు కంఠతా పట్టాం, ఆదివారం బస్సు వేరే టైముకి వస్తుందని స్టాపులో నిలబడ్డాక చూశాం. నడిస్తే యాభై నిమిషాలు. చేతిలో ఉన్నది ఇరవై.

మౌనిక ఏడుపు మొదలుపెట్టింది. "మొదటిరోజే లేటైతే ఎల్లగొడ్తరే. బయట వంద మంది ఉన్నరు."

గరాజ్ తలుపు తెరిచే నంబరు నాకు తెలుసు. లోపల మౌనిక కోసమే తెచ్చిన నీలం సైకిలు పది రోజులుగా గోడకి ఆనించి ఉంది. "ఈ వారం చేసేస్తానమ్మాయ్" అని అంకుల్ రెండుసార్లు అన్నారు, పందేల హడావుడిలో కుదరలేదు. నాకు ఆయన మీద కొంచెం విసుగ్గా కూడా ఉంది. మాకు ఒక్కో షిఫ్టూ ప్రాణం, ఈయనకి బురదలో ఆటలు అనుకున్నాను. ఎడమ బ్రేకు మీద గుడ్డ ఉంది. ముడి తడిసి బిగుసుకుపోయింది. పళ్ళతో లాగి విప్పాను.

"గా గుడ్డేందే?" అంది మౌనిక.

"తుడుసుకునేది. నువ్వు పో, టైమైతుంది."

నిజం చెబితే అది భయపడి ఎక్కేది కాదు. అది ఎక్కాలని చెప్పలేదు. గుడ్డ జేబులో పెట్టుకుని, హెల్మెట్ పట్టీ నేనే బిగించి, వెనకనుంచి చిన్నగా తోశాను కూడా.

హార్బర్‌కి దిగే వీధులు అక్కడ నిటారు వాలు. రాత్రి వానకి రాలిన ఆకులు రోడ్డుకి అంటుకుని ఉన్నాయి. సందులోంచి కారు మెల్లగానే వచ్చిందట, తగల్లేదు కూడా. మౌనిక చెయ్యి తనకి తెలిసింది చేసింది. హెల్మెట్ తలని కాపాడింది, వెన్నుపూసని కాపాడలేదు.

అంకుల్‌వాళ్ళు పందెం నుంచి తిన్నగా ఆస్పత్రికి వచ్చారు. ముగ్గురి ముఖాల మీదా ఎండిన బురద. పందెం బూట్ల కింద ఇనప బిళ్ళలు ఉంటాయి. ఆ వరండాలో ఆయన నడిచి వస్తుంటే టకటకమని చప్పుడు. ఆయన రోజూ పనిచేసే ఆస్పత్రే. అందరూ ఆయన్ని పేరు పెట్టి పలకరిస్తున్నారు, ఆయన ఎక్కడా ఆగకుండా వస్తున్నారు. నన్ను చూసి తలమీద చెయ్యి వేసి, "నువ్వు తిన్నావా?" అని మాత్రం అడిగారు.

మర్నాడు పోలీసులు సైకిలు తెచ్చి ఇచ్చారు. హేండిల్ వంకరపోయింది తప్ప దానికేమీ కాలేదు. అంకుల్ దాన్ని ఎత్తి పట్టుకుని ఎడమ బ్రేకు నొక్కారు. ముందు చక్రం ఆగింది. మళ్ళీ నొక్కారు. మళ్ళీ ఆగింది.

"నేను మార్చలేదు" అన్నారు. తరవాత గరాజ్ అంతా చూశారు, బల్ల కింద, డబ్బాల్లో, తన జేబుల్లో. "గుడ్డ లేదు. గుడ్డ లేదంటే నేనే తీసుంటాను. తీసి, మార్చడం మర్చిపోయుంటాను."

నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను. నా జాకెట్ జేబులో నా చెయ్యి, చేతిలో గుడ్డ. గట్టిగా పట్టుకుని ఉన్నానంతే. నోరు తెరిస్తే స్టడీ పర్మిట్ పోతుందనుకున్నాను, కేసు పెడతారనుకున్నాను, జగిత్యాల నుంచి మౌనిక అన్న వచ్చి నన్ను నిలదీస్తాడనుకున్నాను. ఇవన్నీ తరవాత అల్లుకున్న కారణాలు. ఆ క్షణాన ఉన్నది భయం ఒక్కటే. మౌనికకి ఆరోజు పొద్దుట జరిగింది ఏదీ గుర్తులేదని డాక్టర్లు చెప్పినప్పుడు నాకు కలిగిన నెమ్మది ఉంది చూడండీ, దానికి నన్ను చెప్పుతో కొట్టాలి.

మౌనికకి నడుం కింద స్పర్శ రాలేదు. వాళ్ళన్న వచ్చి ఇంటికి తీసుకెళ్ళేదాకా నాలుగు నెలలు ఆస్పత్రిలోనే ఉంది. అంకుల్ తన డ్యూటీ అవగానే ఆ గదికి వచ్చేవారు. ఎక్కువ మాట్లాడేవారు కాదు. మోకాళ్ళ మీద కూర్చుని వీల్‌చైర్ బ్రేకులు చూసేవారు. కుడిది వేసి తోసి చూసేవారు, ఎడమది వేసి తోసి చూసేవారు. మళ్ళీ కుడిది. మౌనిక సరదాకి "అంకుల్, నేనేడికి ఉరుకుత?" అంది ఒకసారి. స్క్రూడ్రైవర్ ఆయన చేతిలోంచి జారి నేల మీద దొర్లింది, దాన్ని తీసుకోడానికి కూడా చెయ్యి చాపలేదు. నేను తీసి ఇచ్చాను.

ఆ చలికాలం ఎవరూ పందేనికి వెళ్ళలేదు. తరవాతా వెళ్ళలేదు. రూతు ఒక్కతే వెళ్తానంటే ఆయన వద్దనలేదు, సరే అనీ అనలేదు. సైకిళ్ళు ఒక్కొక్కటీ వెళ్ళిపోయాయి. ఒకరోజు చూస్తే కారు గరాజ్‌లో ఉంది. ఆంటీకి అద్దం గీకే పని తప్పింది, ఆవిడ అక్కడే నిలబడి ఏడ్చింది.

అన్నిటికన్నా నేను చూడలేకపోయింది ఇది. ఆయన తన బుర్రని నమ్మడం మానేశారు. స్టవ్ ఆర్పారో లేదో ముగ్గురిని అడిగేవారు. తలుపు తాళం వేసి, కారు దాకా వెళ్ళి, వెనక్కి వచ్చి లాగి చూసేవారు. చర్చిలో నోటికి వచ్చిన కీర్తనలే పుస్తకం చూసి పాడేవారు. ఆస్పత్రిలో బాగుచేసిన ప్రతి మంచానికీ, బ్రేకులు పరీక్షించానని కాగితం మీద సంతకం పెట్టాలి. ఆ సంతకం పెట్టలేక, రిటైర్మెంట్‌కి ఇంకా ఏళ్ళుండగానే ఉద్యోగం వదిలేశారు. "చూశానో లేదో నాకే తెలీనప్పుడు ఎలా పెట్టను?" అన్నారు. మతిమరుపు జబ్బేమోనని డాక్టర్లకి చూపించారు. వాళ్ళు పరీక్షలు చేసి ఏమీ లేదన్నారు. ఏమీ లేదని నాకూ తెలుసు. ఆయన మతి బంగారంలాంటిది. దాన్ని పాడుచేసింది నా జేబులో ఉంది.

నాకు ఓక్‌విల్‌లో ఉద్యోగం వచ్చి వెళ్ళిపోతున్నప్పుడు ఎయిర్‌పోర్టుకి ఆయనే దింపారు. సామాన్ల ట్రాలీ పట్టుకుని, దాని బ్రేకు చూసి, మళ్ళీ చూశారు. వెళ్ళొస్తానని చెప్పేలోపు అడిగారు.

"అమ్మాయ్, ఒక్కమాట. ఆ వారంలో ఎప్పుడైనా నా చేతిలో ఆ ఎర్రగుడ్డ చూసేవా నువ్వు? నేను విప్పడం గానీ?"

అడిగిన తీరులో నిలదీయడం ఏ కోశానా లేదు. బడిపిల్లాడు ఇంకో పిల్లాణ్ణి జవాబు అడిగినట్టు అడిగారు. అవునన్నా కాదన్నా ఆయనకి నిలబడడానికి ఏదో ఒకటి దొరికేది.

"గుర్తులేదు అంకుల్" అన్నాను.

"పర్లేదు. నాకూ గుర్తులేదు" అని నా చెయ్యి తట్టారు. ఆయన్ని నేను చూడడం అదే ఆఖరు.

అంత్యక్రియలకి వెళ్ళలేదు. టికెట్ దొరకలేదని రూతుకి అబద్ధం చెప్పాను. అలవాటైన పనే కదా. వారం పోయాక, శనివారం పొద్దున్న, పెట్టె అడుగునుంచి ఆ గుడ్డ తీసి బల్లమీద పెట్టుకుని ఆంటీకి ఫోన్ చేశాను. ఆవిడ ఓపిగ్గా ఆయన ఆఖరి రోజుల గురించి చెబుతుంటే మధ్యలో ఆపి, మొత్తం చెప్పేశాను. ముడి సంగతి, పళ్ళ సంగతి, తుడుచుకునే గుడ్డ అన్న సంగతి.

అవతల ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చున్న చప్పుడు.

"నిద్రపట్టక లేచి కూర్చునేవారు" అంది ఆవిడ. "గుడ్డ నేనే తీసేనంటావా అని అడిగేవారు నన్ను. ఒకరోజా, రెండురోజులా? ఇన్నేళ్ళూ అడిగేరు. మొదట్లో లేదండీ, మీరలా మర్చిపోరు అనేదాన్ని. తర్వాత్తర్వాత నాకూ విసుగొచ్చింది. అవునండీ, మీరే మర్చిపోయేరు, దేవుడు క్షమిస్తాడు, పడుకోండి అనేదాన్ని. ఆఖరికి ఆస్పత్రిలో కూడా అడిగేరు. మీరే అన్నాను. నా చేత అనిపించేవే."

క్షమించమని అడగడానికి నోరు తెరిచాను. ఆవిడ అడగనివ్వలేదు.

"ఆ పిల్లకి చెప్పేవా?"

"లేదాంటీ."

"అదింకా ఆయనే చేసేరనుకుంటందా?"

"ఆ."

"ఆయనకి ఎలాగూ ఆలస్యం చేసేవు. అదింకా బతికే ఉంది" అని ఫోన్ పెట్టేసింది.

జగిత్యాలలో అప్పటికి సాయంత్రం. మౌనిక మంచం పక్కన బోర్డు పెట్టుకుని, ఫోన్లో పిల్లలకి లెక్కలు చెప్పడం ముగించే వేళ. నెలకోసారైనా మాట్లాడుకుంటాం. అంకుల్ పోయారని విన్నరోజు అది వెక్కివెక్కి ఏడ్చింది. "పాపం, గంత మంచోడు, ఒక్కసారి యాదిమర్సిండు" అంది. నేను ఊఁ కొట్టాను.

ఎర్రగుడ్డని ఎడంచేతికి చుట్టుకున్నాను. రంగు వెలిసింది గానీ నా పంటిగాట్లకి చిరిగిన చోటు ఇంకా తెలుస్తోంది. నంబరు నొక్కాను. రెండు రింగులకే ఎత్తింది.

ఎప్పట్లాగే, "ఆ, చెప్పవే" అంది.